వీణ నిర్మాణము: చేతిపనియు, చెవిపనియు



వీణ నెఱుగనివారు మనలో లేరు. ఇంటింట సరస్వతీదేవి పటము కలదు. ఆ తల్లి యొడిలో వీణ కలదు. కాని ఆ వీణ ఏ కొయ్యతో చేయుదురు, ఏ పనిముట్టుతో తొలుతురు, మెట్లు దేనిలో నాటుదురు అని యడిగినచో చెప్పగలవారు ఊరికొకరైన నుందురో లేదో! ఇతరులను తక్కువచేయుటకు ఈ మాట అనుటలేదు. నేను ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో పిల్లలకు వల్లకి, విపంచి యని వీణకు పర్యాయపదములు వల్లె వేయించితిని. ఆ వల్లకి పనసకొయ్యతో చేయబడునని మాత్రము ఉద్యోగవిరమణమైన పిదపగాని తెలిసికొనలేదు. తెలిసికొనుటకు కారణము నేను చేసిన యొక తప్పు. దానిని సందర్భము వచ్చినప్పుడు దాచక మనవిచేయుదును.

బొబ్బిలి యనగానే మనకు 1757 నాటి యుద్ధము తలపునకు వచ్చును. యుద్ధము జరిగినది ఒక్కనాడు; అక్కడి వీణలపని తరతరములుగా జరుగుచున్నది. బొబ్బిలి సమీపమున గొల్లపల్లి యను గ్రామము కలదు. అది విజయనగరము జిల్లాలోనిది. అందలి సర్వసిద్ధి వంశీయులు పెక్కు తరములనుండి వీణలు చేయుచున్నారు. సంస్థానప్రభువుల పోషణమున మొదలైన విద్య ప్రభుత్వములు మారినను నిలిచియున్నది. బొబ్బిలివీణకు ఈ కాలమున భౌగోళికసూచిక యను ప్రభుత్వపు గుర్తింపు కూడ లభించినది. నూజివీడు కూడ వీణలపనికి పేరుగన్న యూరే.

నేడు మనము చూచు వీణరూపము తంజావూరు నేలిన రఘునాథనాయకుని కాలమున, అనగా పదునేడవ శతాబ్దారంభమున, స్థిరపడినదని పెద్దలు చెప్పుదురు. ఆ రాజు తెలుగుకవి, సంగీతజ్ఞుడు. అంతకుముందు వీణలలో మెట్ల సంఖ్యయు, వాని చోట్లును పలువిధములుగా నుండెడివి. రాగమునుబట్టి మెట్లను జరుపవలసిన వీణలు కూడ నుండెడివి. ఒక్కొక్క స్థాయికి పండ్రెండు చొప్పున రెండు స్థాయిలకు ఇరువదినాలుగు మెట్లు నిలుకడగా నాటుటతో, ఒక్క వీణపైననే ఏ రాగమైనను పలికింప వీలు కలిగినది.

ఇక కొయ్య మాట. వీణకు పనసయే తగినదని పనివారి నిశ్చయము. అది మిక్కిలి బరువుకాదు, మిక్కిలి తేలికయు కాదు. చెదపురుగు దానిని సులువుగా అంటదు. బాగుగా ఆరినచో వంకర తిరుగదు. మీటిన నాదమును మింగివేయక నిలుపును. కోసిన క్రొత్తలో పసుపువన్నె కలిగి, ఏండ్లు గడచినకొలది ఎఱుపు కలిసిన గోధుమవన్నెకు తిరుగును. సింహళ, బర్మా దేశములలో బౌద్ధభిక్షువులు తమ వస్త్రములకు కాషాయవర్ణము వేసికొనుటకు ఈ పనసకొయ్య పొట్టును వాడెడివారు. లేతచెట్టు వీణకు పనికిరాదు. ముదిరిన చెట్టై, బోదె వీణ బుఱ్ఱకు చాలునంత లావుగా నుండవలెను. మధ్యలో ముడులు, పగుళ్లు ఉండరాదు. అట్టి చెట్టు ఒక తరము నాటగా మఱియొక తరమునకు దొరకునది.

దుంగను వెంటనే తొలువరు. నీడను ఉంచి, మెల్లమెల్లగా ఆరనిత్తురు. ఎండలో వేసినచో పైపొర ముందుగా ఆరి కుంచించుకొనును. లోపలితడి యట్లే నిలుచును. ఈ రెంటి పెనుగులాటలో కొయ్య పగులును. బండికొయ్యగాని ద్వారబంధముగాని చేయించిన మీకు ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు.

వీణలు రెండువిధములు. బుఱ్ఱ యొకటి, దండి యొకటి వేరువేరుగా చేసి అతికినది అతుకు వీణ. బుఱ్ఱయు దండియు ఒకే దుంగలో తొలిచినది ఏకాండి వీణ. బొబ్బిలివీణల కీర్తి యంతయు ఈ ఏకాండి పనివలననే. అతుకు లేనిచోట నాదమునకు అడ్డులేదని వారి మాట. దుంగపై మొదట బొగ్గుతోనో సుద్దతోనో ఆకారము గీయుదురు. రంపముతో అనవసరపుభాగమును కోసివేసి, బాడిసతో పైరూపు దింపుదురు. తరువాత లోపలివైపు బాడిసతోను, వంకయులితోను, కొయ్యసుత్తితోను కొద్దికొద్దిగా తొలుతురు. బుఱ్ఱ గుండ్రని గిన్నెవలెను, దండి పొడవైన దోనెవలెను గుల్లయగును.

పని యంతయు ఈ తొలుచుటలోనే యున్నది. గోడ మందముగా మిగిలినచో వీణ మూగవోవును. మిక్కిలి పలుచనైనచో నాదము డొల్లగా వినవచ్చును, తీగల లాగుడునకు కొయ్య వంగును. ఎంత మందము చాలునని గొల్లపల్లిలో నేనడిగితిని. ఆ వృద్ధశిల్పి కొలబద్ద చూపలేదు. బుఱ్ఱను వ్రేలిముడితో తట్టి నాకు వినిపించెను. ఉలితో నాలుగు పొరలు తీసి మరల తట్టెను. రెండవమారు ధ్వని యించుక దిగి, యించుక నిలిచెను. “ఇదండీ కొలత” అనెను. కొమ్మపై పండిన పనసకాయను తట్టి చూచు మీ చేతికి, ఆయన చేతికి భేదము లేదు.

ఇచ్చట పాశ్చాత్యుల గిటారును పోల్చి చెప్పుట ఉపయుక్తము. అదియు మెట్లుగల తంత్రీవాద్యమే. పట్టణములలో మన పిల్లలు నేర్చుచున్నదే. కాని దానిని తొలువరు, కూర్తురు. కొయ్యను పలుచని రేకులుగా చీల్చి, ప్రక్కపలకలను తడిపి కాలినయినుముపై వంచి, నడుము సన్నని పెట్టెవలె అతుకుదురు. పైపలక స్ప్రూస్ అను మంచుదేశపు చెట్టుది. మందము రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. అది తీగల లాగుడునకు కూలకుండుటకై లోపలివైపు సన్నని పుల్లలు విసనకఱ్ఱ యీనెలవలె అతికింతురు. ఈ ఈనెల కూర్పును చక్కగా నిలిపినవాడు స్పెయిన్ దేశమున అల్మేరియాకు చెందిన అంతోనియో దె తొర్రెస్ (1817–1892). గిటారు నాదమునకు పైపలకయే ప్రాణమని నిరూపించుటకై ఆయన 1862లో వెనుకభాగమును, ప్రక్కలను అట్టతో చేసి, పైపలక మాత్రము కొయ్యతో నుంచి యొక గిటారు నిర్మించెను. ఆయన కూడ పలకను చేతిలో పట్టి మందమెంతయో తెలిసికొనెడి పనివాడే. దేశములు వేఱు, కొయ్యలు వేఱు; తట్టి వినుట మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

తొలిచిన బుఱ్ఱపై పనసపలకనే మూతగా అమర్తురు. దానిలో నాదము వెలువడుటకు చిన్నచిన్న రంధ్రములు వలయముగా తొలుతురు. దండికొనకు యాళిముఖము చెక్కి తగిలింతురు. దానికి దిగువగా రెండవ బుఱ్ఱను బిగింతురు. ఇది పూర్వము ఎండిన సొరకాయబుఱ్ఱయే, నేడు ఇతరవస్తువులతోను చేయుచున్నారు. అలంకారమునకు ఒకప్పుడు ఏనుగుదంతము పొదిగెడివారు. దంతవ్యాపారము నిషిద్ధమైన పిదప ప్లాస్టిక్ రేకులు వచ్చినవి. వీనితో నాదమునకు సంబంధము లేదు గనుక వీనిని వదలి ముఖ్యమైనదానికి పోదము.

మూతపలకపై నిలుచు కొయ్యపీటను గుఱ్ఱమందురు. తీగల యొత్తిడియే దానిని నిలుపును. దాని వీపుపై వెడల్పైన లోహపురేకు అతికింతురు. ఈ రేకు చదునుగా కనబడును గాని చదును కాదు. గుఱ్ఱపు వెడల్పునుబట్టి మిక్కిలి స్వల్పముగా వంపు తిరిగియుండును. తీగ కదలునప్పుడు ఈ వంపును తాకుచు విడుచుచు నుండును. వీణకు గల ఆ మధురమైన ఝంకారము ఇందునుండి పుట్టునదే. విశాఖపట్టణమున బాల్యవిద్య గడపిన చంద్రశేఖర వేంకట రామన్ గారు, 1930లో నోబెల్ బహుమానము పొందుటకు చాల ముందుగనే, దీనిని పరిశోధించి 1921లో ప్రకటించిరి. తీగను ఏ బిందువున మీటుదుమో, ఆ బిందువున కదలక నిలువవలసిన ఉపస్వరములు పుట్టరాదని అంతకుముందు పాశ్చాత్యశాస్త్రజ్ఞుల సిద్ధాంతము. వీణలోను తంబురాలోను అట్టి ఉపస్వరములు కూడ స్పష్టముగా వినవచ్చుచున్నవని, దానికి ఈ వంపుగుఱ్ఱమే కారణమని రామన్ గారు తేల్చిరి. ఆయన భార్య లోకసుందరి గారు వీణ వాయించెడివారు. శాస్త్రజ్ఞుడు సాధనముతో కనుగొన్న వంపును మన పనివాడు ఆకురాయితో ఒకమారు రాచి, ఒకమారు మీటి తెచ్చుచున్నాడు.

తీగలు మొత్తము ఏడు. మెట్లపై నడచునవి నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. ప్రక్కన తాళమునకు మీటునవి మూడు. వీనిని బిగించుటకు తరిమెన పట్టిన కొయ్యబిరడలుండును. బిరడ తన రంధ్రములో బిగువుగా నుండవలెను, త్రిప్పినచో తిరుగవలెను. జారినచో శ్రుతి నిలువదు. బుఱ్ఱవైపు తీగలు నాగపాశమునకు తగిలియుండును.

ఇక మేళము కట్టుట. వీణపనిలో ఇది కడపటిది, కఠినమైనది. గిటారు మెట్లు కొయ్యలో గాడి కోసి, దించి కొట్టబడును; ఒకమారు కొట్టినచో కదలవు. వీణమెట్లు మైనములో నిలుచును. తేనెమైనమును కరగించి, బొగ్గుపొడి కలిపి నల్లగా పాకముచేసి, దండి కిరుప్రక్కల రెండు గట్లుగా పోయుదురు. ఆ గట్లపై ఇరువదినాలుగు లోహపు మెట్లను అడ్డముగా నాటుదురు. వేసవివేడిమికి మైనము మెత్తబడును. వాయించువారి యొత్తిడికి మెట్లు క్రుంగును, ఒరగును. అందుచే కొన్నేండ్లకొకమారు మేళము మరల కట్టవలెను.

మెట్ల చోట్లకు లెక్క కలదు. మేరువునుండి గుఱ్ఱమువఱకు తీగ నిడివి 32 అంగుళములనుకొందము. పండ్రెండవ మెట్టు సరిగా నడుమ, గుఱ్ఱమునకు 16 అంగుళముల దూరమున రావలెను. అచ్చట పైస్థాయి షడ్జము పలుకును. ఇరువదినాలుగవ మెట్టు 8 అంగుళముల దూరమున. నడిమి మెట్లకు, మిగిలిన నిడివిని ఒక్కొక్కమారు 1.0595 చేత భాగించుకొని పోవలెను. మొదటి మెట్టు మేరువునకు సుమారు 1.8 అంగుళముల దూరమున పడును. కడపటి రెండు మెట్ల నడుమ అరంగుళము కూడ నుండదు. పూర్వము ఐరోపాలో ఇంతకంటె సులభమైన సూత్రము వాడిరి: మిగిలిన నిడివిలో పదునెనిమిదవ వంతు విడిచి మెట్టు పెట్టుట. జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి దీనిని 1581లో తన గ్రంథమున చెప్పెను. ఆ సూత్రముతో పండ్రెండవ మెట్టు సరిగా నడుమ పడక, సుమారు పదింట నొకవంతు అంగుళము మేరువువైపునకు నిలుచును.

ఇక నా తప్పు. మా మేనత్తగారి వీణ యొకటి మా యింట అటుకపై ఇరువది యేండ్లు పడియుండెను. నా మనుమరాలు పదియేండ్ల పిల్ల. వీణ నేర్చుకొందునని కోరినది. అటుకనుండి దింపి చూడగా మెట్లు పండ్లూడిన నోటివలె నున్నవి. పనివానిని పిలువవలసినది; కాని నాకు పుస్తకములో చదివిన లెక్క కలదు గదా! మైనము కాచితిని, బొగ్గు నూరితిని. పైన చెప్పిన సూక్ష్మగణితముతో కాగితపుబద్దపై ఇరువదినాలుగు గీతలు గీచి, వెండ్రుకవాసి తప్పకుండ మెట్లు నాటితిని. చూచినవారందఱు మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని.

మూడునెలలు గడచినవి. సంగీతము చెప్పువారు పిల్లను గద్దించుచుండిరి. పాడినప్పుడు స్వరము సరిగా నిలుచుచున్నది. వీణపై మాత్రము పైకి పోవుచున్నది. వ్రేలు సరిగా వేయుటలేదనిరి. కడకు చెవిలేదనిరి. ఒకనాటి సాయంకాలము ఆ పిల్ల వీణను గోడకానించి, “తాతయ్యా, నాకు చెవి లేదట. ఇంక నేర్చుకోను” అని లోపలికి పోయినది. నేను ఓదార్చితినేగాని వీణను సందేహింపలేదు. నాలుగునెలలు ఆ వీణ గోడకే ఆనియుండెను.

ఒక బిరడ విఱిగియుండుటచే, దానిని మార్పించి వీణను ఎవరికైన ఇచ్చివేయుదమను తలపుతో గొల్లపల్లికి పోయితిని. మనుమరాలును వెంట వచ్చినది. ఆ వృద్ధశిల్పి బిరడ వేసి, శ్రుతిచేసి, సారణిపై రెండు మూడు మెట్లు మీటి ఆగిపోయెను. “ఈ మేళమెవరు కట్టినారండీ?” అని యడిగెను. నేనే కట్టితినని కొంత గర్వముగనే చెప్పితిని, లెక్కయంతయు వివరించితిని. ఆయన ఓపికగా విని, “లెక్క తప్పు కాదు మేష్టారూ. కాని తీగను నొక్కితే ఏమవుతుందో లెక్కలో వేశారా?” అనెను.

వేయలేదు. తీగ మెట్టుకంటె ఎత్తున నుండును. దానిని మెట్టుపైకి నొక్కినప్పుడు తీగ యించుక సాగును. సాగిన తీగ బిగువు హెచ్చును. బిగువు హెచ్చినచో స్వరము పైకి పోవును. గణితము చెప్పునది నొక్కనితీగను గూర్చి. వాయించునది నొక్కిన తీగను. కావున మెట్టును లెక్కకంటె ఒక్కింత మేరువువైపునకు జరిపి, పలుకు భాగమును పొడిగింపవలెను. ఎంత జరుపవలెననునది తీగ లావునుబట్టి, ఎత్తునుబట్టి, బిగువునుబట్టి మారును. ఆ వీణకు ఆ వీణయే ప్రమాణము. గిటారు చేయువారు మెట్లను కదపలేరు గనుక గుఱ్ఱపుటంచును కొంచెము వెనుకకు జరిపి ఇదే దోషమును సరిదిద్దుదురు. పదునెనిమిదవవంతు సూత్రము గణితమున తప్పైనను, ఆ తప్పు మేరువువైపునకే పడుటచే చెవికి కొంత ఒప్పుగా నుండెనని నాకప్పుడు తోచినది.

ఆయన రెండుదినములు కూర్చుండి మేళము మరల కట్టెను. ముందుగా పండ్రెండవ మెట్టును, ఇరువదినాలుగవ మెట్టును విడితీగతో సరిచూచి, పిదప నడిమి మెట్లను ఒక్కొక్కటిగా వినుచు, జరుపుచు, మరల వినుచు పోయెను. చివర నా మనుమరాలిని దగ్గఱకు పిలిచి, “అమ్మా, ఒక మెట్టు కావాలని తప్పుగా ఉంచాను. ఏదో చెప్పు” అనెను. పిల్ల జంకుచు కూర్చుండి, ఒక్కొక్క మెట్టే మీటుచు పోయి, తొమ్మిదవదానికడ ఆగి, “ఇది తాతా” అనినది. ఆయన నావైపు చూచి నవ్వి, “చెవి లేదన్నదెవరమ్మా? నీకున్న చెవి మీ తాతగారికి లేదు” అనెను.

ఆ మాట నిజము. త్రోవలో బస్సులో కూర్చుండి ఆ పిల్లను క్షమింపుమని యడిగితిని. “నువ్వు లెక్క సరిగానే చేశావు కదా తాతయ్యా” అని అది నన్నే ఓదార్చినది. నేడు వీణ వాయించుచున్నది. తప్పు నాదైనప్పుడు ఏడు నెలలు ఆ పసిదానిపై నిందపడెను గదా యని నాకు ఇప్పటికిని చింత కలదు. పిల్లవాడు తప్పుచేసినాడని తోచినప్పుడు మొదట వానిచేతిలోని పనిముట్టును పరీక్షింపవలెనను పాఠము, ఉపాధ్యాయవృత్తి విరమించిన పిదప నేర్చుకొంటిని.

గ్రామపెద్దలకు నా మనవులు మూడు. మొదటిది చెట్టును గూర్చి. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఉద్దానపు తోటలలో కొబ్బరి, జీడిమామిడులతోపాటు పనసలును కూలినవి. ముదురుపనస దొరకుట నానాటికి కష్టమగుచున్నది. మీ దొడ్డిలోగాని, దేవాలయపుతోటలోగాని ముసలిపనస కూలినచో, దానిని వంటచెఱకునకు నఱికింపకముందు గొల్లపల్లికో నూజివీటికో ఒక్క కబురంపుడు. కూలినదానికి బదులు రెండు మొక్కలు నాటింపుడు. మనము పండు తినకున్నను మనుమల మనుమలు నాదము విందురు.

రెండవది మీ యిండ్లలోని పాతవీణలను గూర్చి. అటుకపై నున్నదానిని దింపి చూడుడు. కొయ్య పగులకున్నచో అది చచ్చినది కాదు. మేళము కట్టించి, తీగలు మార్పించినచో పలుకును. నావలె స్వయముగా పూనుకొనవలదు.

మూడవది పనివారిని గూర్చి. ఒక వీణకు దినములకొలది శ్రమ కలదు. వారి పిల్లలు ఇతరవృత్తులకు పోవుట మనము బేరమాడుటవలన కూడ జరుగుచున్నది. ధర యడిగినప్పుడు దుంగ ధర యొక్కటియే లెక్కింపకుడు. ఆ శిల్పి చెవికి పట్టిన యేండ్లను కూడ లెక్కింపుడు.